ఆస్కార్ వేదికపై కీరవాణి పాట, అభిమానుల అలక

సంపాదకులకు నమస్కారాలు.

లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటర్‌లో జరిగిన 95వ ఆస్కార్ వేడుకను 2023 మార్చి 13 సోమవారం ఉదయం చూసిన తెలుగువారందరిలాగే, ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’కు ఉత్తమ గీతం పురస్కారం ప్రకటించగానే విజయనగరంలోని సంగీతాభిమానులూ పొంగిపోయారు. అయితే ఆ సాయంత్రానికే గంటస్తంభం దగ్గర టీ కొట్లలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ వేరే మాట మొదలైంది. ఎం.ఎం. కీరవాణి గారు బహుమతి అందుకుంటూ ఒక అమెరికన్ పాట బాణీని ఎత్తుకోవడం చాలామందికి రుచించలేదు. తెలుగు పాటకు దక్కిన గౌరవాన్ని స్వీకరిస్తూ తెల్లవాళ్ల పాట పాడడమేమిటని కొందరు, ‘అన్నమయ్య’కు జాతీయ పురస్కారం పొందిన మనిషి ఒక్క సంకీర్తన పల్లవి అయినా అందుకోకూడదా అని మరికొందరు నొచ్చుకున్నారు. ఆయన పాటలంటే ప్రాణమిచ్చేవారే ఇలా అంటున్నారు కనుక ఈ అలకను కొట్టిపారేయకుండా నాలుగు మాటలు రాయాలనిపించింది.

కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని, ఇప్పుడు ఆస్కార్‌తో ఇక్కడ నిలబడ్డానని ఆయన ఆ వేదిక మీద చెప్పారు. కార్పెంటర్స్ అంటే రిచర్డ్, కేరెన్ అనే అన్నాచెల్లెళ్ల జంట. 1973లో అమెరికాను ఊపేసిన వారి ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ బాణీనే తీసుకుని, ఆర్ఆర్ఆర్ గెలవాలని, అది ప్రతి భారతీయుడికీ గర్వకారణం కావాలని తన మనసులో ఉన్న కోరికను సొంత మాటల్లో అల్లి పాడారు. విజేతలకు అక్కడ ఇచ్చేది 45 సెకన్లు. అంత కొద్ది వ్యవధిలో, చిన్ననాడు చెవినబడిన సంగీతానికి రుణపడి ఉన్నానని అది పుట్టిన దేశంలోనే ఒప్పుకోవడంలో నాకు న్యూనత కనిపించలేదు, సంస్కారమే కనిపించింది. తనవారి పేర్లు చెప్పలేదన్న ఫిర్యాదు ఒకటి ఉంది. జనవరిలో గోల్డెన్ గ్లోబ్ అందుకున్నప్పుడు దర్శకుడు రాజమౌళి, నృత్య దర్శకుడు ప్రేమ్‌రక్షిత్, చంద్రబోస్, కాలభైరవ, రాహుల్ సిప్లిగంజ్ తదితరుల పేర్లు చెప్పి, ఈ గౌరవం వీరిదేనని ఆయన ప్రకటించిన సంగతి అప్పుడే మరచిపోతే ఎలా?

పరాయి సంగీతమన్న మాటను నిందగా వాడడం ఏ ఊళ్లో వినబడినా సరే గానీ విజయనగరంలో వినబడడం నాకు వింతగా ఉంది. 1919లో ఇక్కడ మహారాజా వారు స్థాపించిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు కాగా, వారి తరువాత ఆ బాధ్యత చేపట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో ఉన్నది ఐరోపా నుంచి వచ్చిన ఫిడేలే. గాత్రానికి పక్కవాద్యంగా ఉన్న ఆ వాయిద్యాన్ని సోలో కచేరీ స్థాయికి తెచ్చిన ఆ మహానుభావుడిని మనం ఊరి పేరుతో కలిపి గర్వంగా తలచుకుంటాం. హరికథకుడి పక్కన మోగే హార్మోనియం కూడా పుట్టుకతో మనది కాదు. (ఈ ముక్క నా మిత్రుడొకరితో అంటే, హార్మోనియం సంగతి వేరని వాదించారు. ఎందుకు వేరో మాత్రం చెప్పలేదు.)

ఇక తెలుగు ఏదీ అన్న ప్రశ్న. అదే రాత్రి, అదే వేదిక మీద, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగు మాటలతోనే ఆ పాట పాడారు. పాట పూర్తికాగానే ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రాసిన చంద్రబోస్ గారు కీరవాణి గారి పక్కనే నిలబడి మైకులో నమస్తే అన్నారు. భాషాభిమానానికి ఇంతకంటే సంతృప్తి ఏం కావాలి? కోపగించుకోవలసినవి వేరే ఉన్నాయి. వ్యాఖ్యాత ఈ చిత్రాన్ని బాలీవుడ్ ఖాతాలో వేయడం, వేదిక మీద ఆ నృత్యం చేసినవారిలో మనవాళ్లకు చోటు దక్కకపోవడం అలాంటివి. వాటి మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. ఆ మాటకొస్తే మన ఊళ్లో వెలసిన అభినందన ఫ్లెక్సీల్లో కథానాయకుల బొమ్మలు నిండుగా ఉండగా, పాట రాసినవారూ పాడినవారూ ఏ మూలా కనబడలేదు. అమెరికావారి కంటే ముందు ఈ మతిమరుపును మనం సరిదిద్దుకోవచ్చు.

బాణీ ఎత్తుకున్నందుకు ఆ పాట సొంతదారు ఏమన్నారో కూడా అలిగినవారు గమనించాలి. రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కలిసి అదే పాటను అభినందన మాటలతో మార్చి పాడి వీడియో పంపారు. ఆస్కార్ ప్రచారం పొడవునా ఎక్కడా తొణకని తమ అన్న కీరవాణి ఆ వీడియో చూసి కన్నీళ్లు ఆపుకోలేకపోయారని రాజమౌళి గారు రాశారు.

ఆ ప్రసంగంలో ఏముందో వినకుండా పక్కవారు చెప్పిన మాట పట్టుకుని అలిగినవారే ఎక్కువ కనుక, కీరవాణి గారు వేదిక మీద పలికిన, పాడిన వాక్యాలను పూర్తిగా తెలుగు చేసి, గాయకుల, గీత రచయిత పరిచయాలతో కలిపి మీ ఆదివారం అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయనగరం