పసికందు పసరు కక్కితే తెల్లారేదాకా ఆగొద్దు

సంపాదకులకు,

నెలలోపు పసిబిడ్డ తెల్లగా, విరిగిన పాలలా కక్కితే చాలావరకు భయం లేదు. ఆకుపచ్చగా కక్కితే మాత్రం, పేగు మెలిపడలేదని తేలేదాకా ప్రాణాపాయంగానే చూడాలి. ‘పసరు కక్కాడు, కడుపు తేలికపడింది’ అనుకుని రాత్రంతా ఆగడం వల్ల పేగు చేజారిపోతోంది.

ఈ చిక్కు బిడ్డ పిండంగా ఉన్నప్పుడే మొదలవుతుంది. నాలుగో వారంలో రేకులాంటి పిండం మడతపడి, లోపల పేగు గొట్టం ఏర్పడుతుంది. దాని నడిమి భాగం చకచకా పెరుగుతుంది. కాలేయం పెద్దదై పొట్టలో చోటు చాలక, ఆరో వారంలో ఆ పేగు బొడ్డుతాడులోకి జారుతుంది. (ఈ లెక్క ఫలదీకరణ నుంచి, స్కాన్ రిపోర్టులో రెండు వారాలు ఎక్కువ కనిపిస్తాయి. 12 వారాలలోపు స్కాన్‌లో బొడ్డు దగ్గర కాస్త పేగు కనబడినంత మాత్రాన కంగారుపడక్కర్లేదు.) పదో వారంలో తిరిగి పొట్టలోకి వస్తుంది. తనకు రక్తం తెచ్చే ధమనే ఇరుసుగా, గడియారం ముల్లుకు ఎదురు దిశలో బయట 90, లోపలికొస్తూ 180, మొత్తం 270 డిగ్రీలు తిరుగుతుంది. చిన్నపేగు మొదట ఎడమకు చేరుతుంది. పెద్దపేగు మొదలు చివరగా వచ్చి కుడివైపు కిందికి దిగుతుంది. ఆ తర్వాత పేగును పట్టి ఉంచే పొర ఎడమ పైనుంచి కుడి కిందివరకు వెనక గోడకు వెడల్పుగా అతుక్కుంటుంది.

తడి చీరను రెండు కొసలూ దూరంగా కట్టి ఆరేస్తే మెలిపడదు. రెండింటినీ ఒకే గుంజకు కడితే గాలికి చుట్టుకుపోతుంది. ఆ తిరుగుడు మధ్యలో ఆగిన బిడ్డ పేగు పరిస్థితి అదే. పట్టి ఉంచే పొర వెడల్పుగా అతుక్కోక ఇరుకైన కాడలా మిగులుతుంది. ఆ కాడ మెలితిరిగితే రక్తం ఆగి, దాదాపు చిన్నపేగంతా కొన్ని గంటల్లోనే చచ్చుబడుతుంది. పైత్యరసం పేగులో కలిసే చోటుకు దిగువన అడ్డు పడుతుంది కాబట్టే వాంతి ఆకుపచ్చగా ఉంటుంది.

మొదటి గంటలు మోసం చేస్తాయి. పొట్ట మెత్తగా ఉంటుంది, విరేచనమూ కావచ్చు, మామూలు ఎక్స్‌రే కూడా బాగానే కనిపించవచ్చు. పొట్ట ఉబ్బి, మలంలో రక్తం పడేసరికి పేగు దెబ్బతినడం మొదలైపోతుంది. అందుకే మందు తాగించి తీసే ఎక్స్‌రే గానీ, చేయి తిరిగిన వారు చేసే అల్ట్రాసౌండ్ గానీ వెంటనే కావాలి. బిడ్డ నీరసించి ఉంటే వాటికీ ఆగకుండా ఆపరేషనే. 1936లో అమెరికా పిల్లల సర్జన్ విలియం లాడ్ వివరించిన పద్ధతే నేటికీ ఆధారం: మెలి విప్పడం, అడ్డుపడిన పొరలు కోయడం, కాడను వెడల్పు చేయడం, చిన్నపేగును కుడికి, పెద్దపేగును ఎడమకు సర్దడం.

ఆకుపచ్చ వాంతికి ఇతర కారణాలూ ఉంటాయి. వాటిలోనూ చాలా వాటికి ఆసుపత్రే గతి. గ్రైప్ వాటర్, వస, ఆముదం పట్టొద్దు. మరకపడిన గుడ్డను గానీ దాని ఫోటోను గానీ డాక్టరుకు చూపించాలి. దగ్గరి ఆసుపత్రి వారు పాలు ఆపి, ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేసి, సెలైన్ పెట్టి, వెచ్చగా చుట్టి, పిల్లల సర్జన్ ఉన్నచోటికి ఆ పూటే పంపాలి.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు. ప్రతిసారీ ‘బిడ్డ కక్కుతున్నాడా? ఏ రంగులో?’ అని అడిగేలా వైద్యారోగ్య శాఖ ఆ కార్యకర్తలకు చెప్పాలి. మీ ఆరోగ్య పేజీలో ఆ ఆకుపచ్చ రంగును రంగులోనే అచ్చువేయమని మా మనవి.

— పిల్లల శస్త్రచికిత్స వైద్యులు