పెయింట్ సంగతి తర్వాత, ముందు ఫ్లోర్ చూడండి

సంపాదకులకు,

విశాఖలో పాత అంబాసిడర్, పద్మినీ కార్లు బాగుచేయించుకునేవాళ్లు డబ్బంతా పైమెరుపుకే పోస్తున్నారు. ఉప్పుగాలి ఊళ్లో బండిని తుప్పు తినేది కింద నుంచి.

ఈ బళ్లకు లారీలాగా కింద విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు. ఫ్లోరు, టాప్‌ని మోసే పిల్లర్లు, తలుపుల కింద ఉండే బోలు రేకుపెట్టె కలిసి బరువు మోస్తాయి. 1960ల నాటి అమెరికా మస్టాంగ్‌దీ ఇదే తీరు. ఆ పెట్టెలో చేరిన నీరు కారిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. మట్టితోనో, ఎవరో పూసిన తారుతోనో అవి పూడిపోతే లోపల్నుంచి తుప్పు పడుతుంది. పెయింటు బుడగలు లేచేసరికి లోపల రేకు అయిపోయినట్టే.

కొనేముందు మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు టంగుమంటుంది, తుప్పు రేకు బొదబొదమంటుంది. జాకీ పెట్టే చోటు, డిక్కీ అడుగు, ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బిగించే బ్రాకెట్లు వదలొద్దు. పలుచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం పట్టలేదంటే అక్కడ లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ) మందంగా ఉన్నట్టు.

తుప్పు మీదే కొత్త రేకు అతికిస్తే రెండింటి మధ్య నీరు నిలిచి మళ్లీ కుళ్లుతుంది. మంచి రేకు తగిలేదాకా కోయించండి. ఫ్లోరుకి 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల సీఆర్ రేకు (జింకు పూత లేని మామూలు స్టీలు రేకు) చాలు. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దు, దాని జింకు పొగ మేస్త్రి ఊపిరికి చేటు, వెల్డులో బొక్కలు కూడా పడతాయి. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు మెలితిరుగుతుంది. 0.8 మిల్లీమీటర్ల వైరుతో సీవోటూ వెల్డింగే (కరెంటుతో వైరు కరిగించి అతికేది) మేలు, అదీ ఒకచోట నుంచి లాక్కుపోకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో చల్లారనిస్తూ. బ్యాటరీ వైర్లు ఊడదీసి, పెట్రోల్ ట్యాంకు దించాకే మొదలెట్టాలి.

తలుపుల కింది పెట్టె కోసేటప్పుడు తొందర అసలు పనికిరాదు. బాడీని సమంగా స్టాండ్ల మీద ఆనించి, తలుపు ఉండే ఖాళీకి అడ్డంగా ఒక ఇనుప యాంగిల్ కట్టి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోయాలి. లేకపోతే నడుం కుంగి తలుపులు పడవు. తర్వాత ఎంత సుత్తి కొట్టినా ఫలితం ఉండదు.

గీకిన రేకుకి మన గాలిలో తెల్లారేసరికి తుప్పు ఛాయ వస్తుంది కాబట్టి ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మామూలు ప్రైమర్ తేమ పీలుస్తుంది, దాంతో నెలల తరబడి వదిలేయకూడదు. అతుకులకి సీలర్ పట్టించాలి. బోలు పెట్టెల్లోకి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల చల్లే మైనం) కొట్టించాలి, కాకపోతే వెల్డింగ్ అంతా అయ్యాకే, అడుగు రంధ్రాలు మూయకుండా. లప్పం 3 మిల్లీమీటర్లు దాటిందంటే టింకరింగ్ (రేకు పని) సరిగా కుదరలేదనే.

ఎస్టిమేట్‌లో టింకరింగ్, పెయింటు వేర్వేరుగా రాయించుకోండి. ప్రైమర్ పడకముందే షెడ్డుకి వెళ్లి కింద దూరి వెల్డుల ఫొటోలు తీసుకోండి, ఆ తర్వాత చూద్దామన్నా కనపడవు.

ఇట్లు,
ఒక టింకరింగ్ మేస్త్రి,
గాజువాక, విశాఖపట్నం