టర్బోను చంపేది బోరునీళ్లు, అగ్గువ ఆయిల్

సంపాదకులకు నమస్కారం.

'టర్బో పెట్రోలు బండ్లు మన ఎండలకు ఆగవు, లక్ష కిలోమీటర్లు తిరగకముందే టర్బో పోతది' అన్న మాట నల్లగొండ, మిర్యాలగూడ షెడ్ల దగ్గర తరచుగా వినిపిస్తోంది. సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఇదే మాట చెప్పి ధర కోస్తున్నారు. తప్పు ఎండ మీద వేస్తున్నారు గానీ, పాడైన టర్బోను ఊడదీస్తే ఎక్కువగా కనిపించేవి రెండే: బొగ్గులా గట్టిపడిన ఆయిల్, నీటి దారిలో తెల్ల పొలుసు.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ కార్లు చాలావరకు ఆగిపోయాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉంటే పన్ను తక్కువ. అందుకే మూడు సిలిండర్ల టర్బో ఇంజన్లు ఇంతగా వచ్చాయి. సైలెన్సర్‌కు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పితే, అదే షాఫ్ట్ రెండో చివర ఉన్న చక్రం గాలిని ఇంజన్‌లోకి ఒత్తుతుంది. జోరు మీద ఆ షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర చుట్లు కూడా దాటుతుంది. చాలా బండ్లలో అది బాల్ బేరింగ్ మీద కాదు, పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. పొగ వైపు వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. దాన్ని కాపాడేవి ఆయిలూ, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటే.

ముందు నీళ్ల సంగతి. మన జిల్లా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇంజన్‌లో పొలుసు కట్టేది మాత్రం బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పట్టేది అదే. పాత పెద్ద డీజిల్ బండి రేడియేటర్‌లో కొంత పొలుసు కట్టినా ఏళ్ల తరబడి నడుస్తుంది. టర్బోలో నీళ్లు తిరిగే దారి సన్నది. బండి ఆపగానే పొగ వైపు వేడి బేరింగ్ వైపు పాకుతుంది, అక్కడ నిలిచిన నీళ్లు మరిగి ఉప్పు అక్కడే దిగుతుంది. కలిపి అమ్మే కూలెంట్ పోయండి, లేదంటే చిక్కటి కూలెంట్‌లో సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. రంగు ఒకటే కదా అని వేరే రకం కలపొద్దు, లోపలి మందులు వేరైతే జిగురులా తయారవుతాయి. దారిలో ఏమీ దొరకకపోతే, ఇంజన్ బాగా చల్లారాకే మూత తీసి, బోరునీళ్లే పోసుకుని ఇల్లు చేరండి. వారంలోపు మొత్తం దింపించి, కడిగించి, కొత్తది పోయించండి. నెలనెలా కూలెంట్ తగ్గుతుంటే పోస్తూ పోవద్దు. హోస్ క్లిప్పుల దగ్గర ఎండిన మరక ఎక్కడుందో వెతకండి.

ఇక ఆయిల్. డబ్బా మీద 'ఫుల్ సింథటిక్' అని ఉంటే సరిపోదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడు (ఆయిల్ చిక్కదనం నంబరు), దానితో పాటు ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత గుర్తు లేదా కంపెనీ అడిగిన ఆమోదం నంబరు ఉండాలి. ఎస్‌పీకి ఒక కారణం ఉంది. పై గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నిండా తొక్కితే, చిన్న టర్బో ఇంజన్లలో స్పార్క్ రాకముందే మంట అంటుకుని పిస్టన్ రింగుల గాడి పగిలే ప్రమాదం ఉంటుంది. ఆయిల్‌లో మురికి కడిగే కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది, ఎస్‌పీ ఆయిళ్లు దీన్ని తట్టుకునే పరీక్ష నెగ్గినవి. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌ను గుంజుకుంటూ పోకుండా గేరు దించండి.

ఈ ఇంజన్లు చాలావరకు మూడు నుంచి నాలుగున్నర లీటర్ల ఆయిల్ తీసుకుంటాయి. డబ్బా తెచ్చాం కదా అని మిగిలింది కూడా పోసేస్తే, ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా టర్బోలోకి చేరి నీలం పొగ వస్తుంది. పాపం, నింద మాత్రం టర్బోకు. కంపెనీలు పదివేలు, పదిహేనువేల కిలోమీటర్లకు మార్చమంటాయి. క్వారీ దుమ్ములో, సిమెంటు లారీల వెనక, పత్తి సీజన్‌లో తిరిగే బండికి నా లెక్క ఏడున్నర వేలే. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, వాసన చూడండి, మట్టం పెరిగినా అనుమానించండి.

హైవే మీద గంటసేపు జోరుగా వచ్చి నార్కట్‌పల్లి దాబా ముందు వెంటనే కీ తిప్పి బండి ఆపేయడం మరో అలవాటు. టర్బోలో నిలిచిన ఆయిల్ ఆ వేడికే బొగ్గులా గట్టిపడుతుంది. చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తే చాలు, లేకుంటే అర నిమిషం, నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచండి. బజారులో తిరిగొస్తే ఇది అక్కర్లేదు. ఆపేముందు ఒకసారి రేజ్ చేసే పాత అలవాటు మాత్రం పూర్తిగా మానాలి: షాఫ్ట్ వేగం మీద ఉండగానే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. కొన్ని బండ్లలో ఆపాక కూడా ఫ్యాను, చిన్న పంపు తిరుగుతాయి. అది రిపేరు కాదు, వైరు పీకకండి.

మెకానిక్ మిత్రులకు ఒక మాట. టర్బో ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్‌లో పలుచని ఆయిల్ తడి కనబడగానే టర్బో పోయిందని చెప్పొద్దు, అది మామూలే. పికప్ తగ్గి ఈల శబ్దం వస్తుంటే ముందు హోస్ క్లాంపులు, చీలికలు, ఎలుక కొరుకులు చూడండి. షాఫ్ట్ అటూ ఇటూ కొద్దిగా ఊగడం సహజం. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉన్నా అప్పుడు మార్చండి. కొత్తది వేసేటప్పుడు ఆయిల్ వచ్చే పైపు కూడా మార్చి, స్టార్ట్ చేసేముందు ఆయిల్ దారిలో కొద్దిగా ఆయిల్ పోయాలి. ఆయిల్ తిరిగి కిందికి పోయే రిటర్న్ పైపు గ్యాస్కెట్‌కు సిలికాన్ పేస్టు రాస్తే ఆ ముక్క లోపల అడ్డంపడి కొత్త టర్బో కూడా పోతుంది. ఎయిర్ ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో కొట్టి మళ్లీ వేయడమూ వద్దు, కాగితం చిల్లు పడితే దుమ్ము నేరుగా టర్బో రెక్కలను అరగదీస్తుంది.

షోరూములకూ సర్వీస్ సెంటర్లకూ నా విన్నపం ఒకటే. ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు, కూలెంట్ రకం — ఈ మూడూ తెలుగులో రాసిన స్టిక్కర్ బానెట్ కింద అంటించండి. బిల్లులో 'ఇంజన్ ఆయిల్' అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా ఆ మూడూ అందులోనూ రాయండి. బండి యజమానులు కూడా అడిగి రాయించుకోవాలి.

— ఒక మెకానిక్, నల్లగొండ