బీ27 పాజిటివ్ అయితే జబ్బున్నట్టేనా?

సంపాదకుడు గారికి,

వారం కిందట మీ ఆరోగ్యం పేజీలో హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువు మీద వచ్చిన వ్యాసం చదివాను. డాక్టర్లెవరో సవరణ అడుగుతారులే అని ఊరుకున్నాను. ఎవరూ అడగలేదు, మీరూ వేయలేదు.

'ఈ జన్యులోపం ఉన్నవారికి వెన్నెముక బిగుసుకుపోతుంది' అట. లోపమని ఎవరన్నారు? కణాలు తమలోని ప్రోటీన్ల ముక్కల్ని పైకి తెచ్చి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు చూపించే అణువుల్లో బీ27 ఒక రకం. వెన్నెముక బిగుసుకుపోయే ఆ జబ్బుతో, అంటే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌తో, దానికి సంబంధం ఉందని 1973లోనే తేలింది, కాదనను. ఆ రోగుల్లో అత్యధికులు పాజిటివే. కానీ పాజిటివ్ వచ్చినవాళ్లలో ఆ జబ్బు వచ్చేది నూటికి ఏ అయిదుగురికో. ఇంటర్ పిల్లలకు అర్థమయ్యే ఈ తేడా మీ 'నిపుణుడి'కి తట్టలేదు.

బీ27లోనూ రకాలున్నాయి. ఇటలీలోని సార్డీనియా దీవిలో కనిపించే 27:09కీ, జబ్బుతో ముడిపడిన 27:05కీ తేడా ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకే ఒక్కటి. 116వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు హిస్టిడిన్. ప్రోటీన్ ముక్క కూర్చునే గాడి అడుగున ఉంటుందది. అది మారేసరికి ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలతో ముగిసే ముక్కలు అక్కడ సరిగా నిలవవు. టీ కణాల కంటపడే సరుకే మారిపోతుంది. 27:09 ఉన్నవాళ్లలో ఈ జబ్బు బహు అరుదు. మామూలు ల్యాబు రిపోర్టులో మాత్రం అన్ని రకాలకూ ఒకటే మాట, పాజిటివ్. ఆ ముక్కల్ని కత్తిరించే ఈఆర్‌ఏపీ1 ఎంజైములోని తేడాల ప్రభావం ఈ జబ్బు మీద బీ27 ఉన్నవాళ్లలోనే కనిపిస్తుందని 2011లో వెల్లడైంది. మీ వ్యాసంలో దాని ఊసే లేదు, ఏదో తైలానికి మాత్రం ఒక పేరా దక్కింది!

మా బంధువులమ్మాయికి ఏనాడూ నడుంనొప్పి లేదు. హెల్త్ ప్యాకేజీలో ఈ పరీక్ష కూడా కలిపి చేశారు, పాజిటివ్ వచ్చింది. అబ్బాయి తరఫువాళ్లు మీ వ్యాసాన్ని వాట్సాప్‌లో పంపి మరీ సంబంధం వద్దన్నారు. ల్యాబుల మీద అజమాయిషీకి 2002 నాటి చట్టం ఉంది, జిల్లాకో వైద్య ఆరోగ్యశాఖాధికారి ఉన్నారు. అడ్డమైన పరీక్షలూ ప్యాకేజీల్లో ఎందుకు దూరుస్తున్నారని అడిగే నాథుడు మాత్రం లేడు. నెలల తరబడి పొద్దున లేవగానే నడుం పట్టేసి, నాలుగడుగులు వేశాక సర్దుకునే కుర్రాళ్లున్నారు. ఈ పరీక్ష నిజంగా కావలసింది వాళ్లకు. వాళ్లేమో డిస్కు నొప్పనుకుని మలాము రాసుకుంటున్నారు. కీళ్లవాతం డాక్టరు ఒకరుంటారని వాళ్లకు చెప్పేదెవరు?

సవరణ వేస్తే అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. 'అమ్మబడును' ప్రకటనల కింద ఇరికించకండి.

— విశ్రాంత జువాలజీ లెక్చరర్, తెనాలి