155 అడిగితే 175 పంపారు, ఆపైన నన్నే తిప్పలు పెట్టారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: బీఎంఎక్స్ (చిన్న చక్రాల రేసు సైకిల్) క్రాంక్, అంటే పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ, మారిపోవడం గురించి కాదు, ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పించుకున్న తీరు గురించి.

నమస్కారం. ముందే చెప్తున్నాను, ఒక వస్తువు బదులు ఇంకొకటి రావడం నాకు పెద్ద విషయం కాదు. గోడౌన్‌లో పక్కపక్క పెట్టెలు తారుమారు కావడం ఎక్కడైనా జరిగేదే. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోవాల్సిన పని అది. నా కోపమంతా ఆ ఫోన్ కాల్ గురించే. మీ కంపెనీలో ఎంతమంది పనిచేస్తారో నాకు తెలియదు గానీ, నాతో మాట్లాడినవాళ్లలో ఒక్కరు కూడా నేను చెప్పింది చివరిదాకా వినలేదు.

మా అమ్మాయి బీఎంఎక్స్ రేసులు ఆడుతుంది. ఇన్నాళ్లూ 145 మిల్లీమీటర్ల క్రాంక్‌తో తొక్కింది. ఇప్పుడు కాళ్లు సాగాయి కాబట్టి కొంచెం పెంచుదామనుకున్నాం. 150 తీసుకోవాలా, 155 తీసుకోవాలా అన్నదే సందేహం. కొనేముందు మీ చాట్‌లోనే అడిగాను. వచ్చిన సలహా ఇదీ: "175 తీసుకోండి మేడమ్, అదే స్టాండర్డ్. పాప ఎలాగూ ఎదుగుతుంది కదా." గౌను ఒక సైజు పెద్దది కుట్టించినట్టు! 175 స్టాండర్డ్ అన్నది అబద్ధం కాదు, కానీ అది పెద్దవాళ్లకి. బాగా పొడుగున్న రేసర్లు 180 కూడా వేసుకుంటారు. మరి పిల్లలకి అంతకంటే చాలా చిన్నవి, అయిదేసి మిల్లీమీటర్ల తేడాతో వరసగా ఎందుకు తయారుచేస్తున్నారు? వాటిని అమ్ముతున్నది మీరే కదా.

ఈ సైకిల్‌కి గేర్లు మార్చుకునే వీలుండదని మీ ఏజెంట్‌కి నేనే వివరంగా టైప్ చేశాను. రేసు మొదట్లో అడ్డుగా ఉన్న గేటు పడినప్పటి నుంచి ఆఖరి గీత దాటేవరకూ ఒకటే గేరు. క్రాంక్ పొడవైతే మొదటి తోపుకి బలం దొరుకుతుంది, కాదనను. కానీ ఆ తర్వాత వేగం అందుకోవాలంటే కాళ్లు గిరగిరా తిరగాలి. 20 మిల్లీమీటర్లు పెరిగితే పాదం తిరిగే చక్రం అడ్డకొలత 40 పెరుగుతుంది. పాదం పైన 20 ఎక్కువ లేవాలి, కింద పెడల్ నేలకి 20 దగ్గరవుతుంది. మలుపులో సైకిల్ వాల్చి తొక్కే పిల్లకి పెడల్ నేలకి గీసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంతా రాస్తే బదులుగా ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. నేను 155 ఆర్డర్ పెట్టుకున్నాను.

వచ్చిన పెట్టె మీద 155 అనే ఉంది. లోపలి క్రాంక్ తీసి చూస్తే, పెడల్ బిగించే రంధ్రం పక్కన, లోపలి వైపు, లోహంలోకే చెక్కిన చిన్న అంకెలు: 175. అక్కడితో మీ తప్పు అయిపోయింది. అక్కడినుంచి మీ సేవ మొదలైంది.

మొదట ఫోన్. మీ సంగీతం నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. ఎట్టకేలకు ఒకాయన లైన్‌లోకి వచ్చి, నేను రెండు వాక్యాలు చెప్పేలోపే, "మేడమ్, కొంచెం టెక్నికల్‌గా మాట్లాడాలి, మీ వారికి ఒకసారి ఫోన్ ఇస్తారా?" అన్నారు. ఇచ్చాను. మా వారు చాలా మంచి మనిషి, కానీ ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని ఆయనకి చెప్పాల్సింది నేనే. ఆయన ఓపిగ్గా విని, "మా ఆవిడ్ని అడిగి చెప్తాను" అని ఫోన్ మళ్లీ నాకే ఇచ్చారు. ఆ లోపు లైన్ కట్ అయింది.

తర్వాతి ఆవిడ సీటు కొంచెం దించి చూడమన్నారు. బీఎంఎక్స్ రేసులో సీటు మీద కూర్చుని తొక్కేవాళ్లు ఎవరు తల్లీ? నిలబడి తొక్కుతారు. సీటు దించితే క్రాంక్ పొట్టిదవుతుందా? ఆ తర్వాత వచ్చినాయన చిన్న గేరులోకి మార్చుకుని తొక్కితే తేలిగ్గా ఉంటుందన్నారు. లేని గేరులోకి ఎలా మారాలో కూడా చెప్పండి సార్ అంటే, దానికి వేరే డిపార్ట్‌మెంట్ ఉందన్నారు.

అన్నిటికంటే గొప్పది ఫోటోల ఘట్టం. క్రాంక్ పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపమన్నారు. ఇరుసు దూరే రంధ్రం మధ్య నుంచి పెడల్ రంధ్రం మధ్య దాకా ఉన్న దూరమే క్రాంక్ పొడవు. సరిగ్గా ఆ రెండు చోట్లా గీతలు పెట్టి మరీ పంపాను. మీ నిపుణులు ఆ గీతలు వదిలేసి ఆ చివర నుంచి ఈ చివర దాకా కొలిచారు. 200 దాటింది. "మేడమ్, మీరు చూపిస్తున్నది 155 కాదు, 175 కాదు, ఇది మేం పంపిన వస్తువే కాదనిపిస్తోంది" అని జవాబు. అంటే నేను ఎక్కడినుంచో ఒక క్రాంక్ ఎత్తుకొచ్చి మీ పెట్టెలో పెట్టి మిమ్మల్ని మోసం చేస్తున్నానన్నమాట. ఈ మెయిల్ నా దగ్గర భద్రంగా ఉంది.

దానికి ఘాటుగా బదులిస్తే రిటర్న్ తీసుకెళ్లడానికి ఒక కుర్రాడిని పంపారు. అతని కాగితంలో "సైకిల్ - 1" అని ఉంది. మొత్తం సైకిల్ ఇస్తేనే తీసుకెళ్తాడట. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ కుర్రాడు క్రాంక్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "పెట్టె మీద 155 ఉంది, దీని మీద 175 ఉంది కదమ్మా, మార్చి పంపేశారు" అన్నాడు. మీ ఆఫీసంతా కలిసి చూడలేకపోయింది అతను గుమ్మంలో నిలబడి చూశాడు. పాపం, అతని చేతిలో ఏమీ లేదు. ఉత్త చేతులతోనే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మెసేజ్: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఒకటి ఇచ్చాను. ఆశ్చర్యం ఏమిటంటే, అన్ని మెయిళ్లకి ఉలకని పలకని మీ కంపెనీ నుంచి వెంటనే ఫోన్ మోగింది. నేను సంతోషపడ్డాను కూడా. ఆయన అడిగింది ఒక్కటే, ఆ స్టార్లు అయిదుకి మార్చగలరా అని. క్రాంక్ సంగతి ఎత్తితే, "టికెట్ క్లోజ్ అయింది కాబట్టి కొత్త టికెట్ పెట్టుకోండి" అన్నారు. పెట్టాను. సీటు దించి చూడమని జవాబు వచ్చింది.

మా పిల్లకి నడక వచ్చిన కొత్తలో పెడల్స్ లేని చిన్న సైకిల్ కొన్నది మీ దగ్గరే. తర్వాతి సైకిళ్లు, హెల్మెట్, గ్లవ్స్, చైన్లు, అన్నీ మీ దగ్గరే. ట్రాక్ దగ్గర ఏ తల్లి ఏం కొనాలని అడిగినా మీ పేరే చెప్పాను. వాళ్లలో కొందరు ఇప్పుడు నన్ను "ఏమైంది, వచ్చిందా?" అని అడుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది. నమ్మకంగా కొనేవాళ్లంటే మీకు లోకువేమో, కొత్తవాళ్లకైతే డిస్కౌంట్లు, పాతవాళ్లకి హోల్డ్ మ్యూజిక్.

పిల్ల ఇప్పటికీ పాత 145తోనే ప్రాక్టీస్ చేస్తోంది. రేసు దగ్గర పడుతోంది. కొత్త పొడవు కాలికి అలవాటు పడాలి, అవసరమైతే ముందు పళ్లచక్రం కూడా మార్చి చూసుకోవాలి. దానికి సమయం కావాలని మీవాళ్లకి చెప్తే, "అర్థం చేసుకోగలం మేడమ్" అన్నారు. ఏం అర్థం చేసుకున్నారో ఒక్కసారి రాసి పంపండి, చదువుకుంటాను.

155 పంపుతారా, డబ్బు వెనక్కిస్తారా అన్నది మీ ఇష్టం, ఇప్పుడు నాకు దాని మీద అంత పట్టింపు కూడా లేదు. నాకు కావాల్సింది పేరున్న ఒక మనిషి సంతకంతో జవాబు. నేను అబద్ధం చెప్తున్నానన్న ఆ మెయిల్‌కి క్షమాపణ. అది రాకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. ఫోటోలు, చాట్‌లు, మెయిళ్లు అన్నీ తారీఖుల వారీగా పెట్టుకున్నాను. వాటినే ట్రాక్ దగ్గరి తల్లిదండ్రుల గ్రూపులో కూడా పెడతాను. అక్కడ క్రాంక్ ఎలా కొలవాలో అందరికీ తెలుసు.

ఇట్లు,
ఇంకా ఎదురుచూస్తున్న మీ పాత కస్టమర్

తా.క.: దీనికి జవాబుగా "ప్రియమైన కస్టమర్, మీ అభిప్రాయం మాకు విలువైనది" అన్న మెయిల్ పంపకండి. అది నా దగ్గర చాలానే ఉంది. ఫోన్ చేసేట్టయితే మా వారికి కాదు, నాకు చేయండి.