మంత్రి గారూ, చివరి కుళాయి దగ్గర పరీక్ష చేయించండి

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

డయేరియా వానాకాలపు జబ్బని మనలో చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో జనం చనిపోయింది 2009 మే నెలలో. గుంటూరులో 2018 మార్చిలో. రెండూ ఎండలు కాసే నెలలే. రెండుచోట్లా తాగునీటిలో మురుగు కలిసింది. అలా జరిగినప్పుడల్లా ట్యాంకర్లు వస్తాయి, వీధుల్లో బ్లీచింగ్ చల్లుతారు, వైద్య శిబిరం పెడతారు, ఒకరిద్దరిని సస్పెండ్ చేస్తారు. నెల తిరిగేసరికి అవే పైపులు, అవే నీళ్లు.

నీళ్లు వడకట్టే ఫిల్టర్ బెడ్ల దగ్గర అవి చాలావరకు బాగానే ఉంటున్నాయి. జబ్బు కలిసేది వీధి పైపులో, అదీ నీళ్లు వదలని గంటల్లో. మా మనవి అంతా దీని గురించే.

రోజుకు గంటసేపు నీళ్లిచ్చే ఊళ్లో మిగతా 23 గంటలు పైపులో ఒత్తిడి ఉండదు. వాల్వు కట్టేశాక పల్లపు ఇళ్ల వైపు నీరు జారిపోతుంటే వెనక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు ఎక్కడ సూదిబెజ్జం ఉన్నా బయటిది లోపలికి లాగేస్తుంది. ఆ బెజ్జం ఎక్కడ ఉంటుందో తెలియాలంటే ఏ పాత పేట సందులోనైనా సైడు కాలువ వెంట నడవండి. ప్రతి ఇంటికీ వెళ్లే అరంగుళం పైపు కాలువను దాటుతూ కనిపిస్తుంది. సగం మురుగులో, సగం గాలిలో ఉన్న ఇనప పైపు సరిగ్గా ఆ గీత దగ్గరే తుప్పు పడుతుంది. పీవీసీ అయితే పూడిక తీసే పార తగిలి కప్లింగు దగ్గర చిట్లుతుంది. దానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కడతారు. ఆ కట్టు నీళ్లొచ్చేటప్పుడు బయటికి చిమ్మకుండా కొంత ఆపుతుంది గానీ, నీళ్లు ఆగాక లోపలికి పీల్చుకోవడాన్ని ఆపలేదు.

దీనికి గుంత కుళాయిలు తోడవుతాయి. ప్రెషర్ అందక జనం నేలకంటే రెండడుగుల కింద గుంత తవ్వి అక్కడే పైపు కోసుకుంటారు. బిందె దించి పట్టుకుంటారు, ఒలికిన నీరూ కడుగునీరూ ఆ గుంతలోనే నిలుస్తాయి. సరఫరా ఆగగానే తెరిచి ఉన్న ఆ పైపు గుంతలోని నీటిని వెనక్కి తాగుతుంది. కుళాయికే నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ఘోరం. నీళ్లొచ్చే గంటలోనూ పక్కింటి పైపులో శూన్యం పుడుతుంది. మోటార్లు జప్తు చేసి ఫొటోలు దిగితే ఇది ఆగదు. ఒక అంతస్తు ఇంటికి నీళ్లు 7 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత ప్రెషర్ ఉండాలని కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా మాన్యువల్ 1999లోనే చెప్పింది. అది అందితే ఎవరూ గుంత తవ్వరు. అందేదాకా నీళ్లు ముందు సంపులో పడి, మోటారు ఆ సంపులోంచి తోడుకునేలా చేయించండి.

ఇప్పుడు పరీక్షల సంగతి. నమూనా ఎక్కువగా ట్యాంకు దగ్గరో, ట్యాంకు పక్క వీధిలోనో తీస్తారు. అదీ నీళ్లు వదిలిన అరగంటకు, ధార తేటపడ్డాక. పేటల్లో ఆడవాళ్లు మొదటి బిందె పారబోసేది ఊరికే కాదు. రాత్రంతా పైపు పీల్చుకున్న మురుగు ఆ మొదటి బిందెలోనే వస్తుంది. కాబట్టి నమూనా చివరి వీధిలో, చివరి కుళాయి దగ్గర, మొదటి పది నిమిషాల్లో తీయాలి. సూక్ష్మజీవుల పరీక్షకు పంపే సీసాలో క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. అది లేకపోతే నీటిలోని క్లోరిన్ దారి పొడవునా పనిచేస్తూనే ఉంటుంది, ల్యాబుకు చేరేసరికి చెడ్డ నీళ్లకు మంచి రిపోర్టు వస్తుంది. సీసాను ఐసులో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి.

రోజువారీ పనికి ల్యాబు అక్కర్లేదు, నీటిలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే చిన్న కిట్టు, క్లోరోస్కోపు చాలు. కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. జబ్బు భయం ఉన్నప్పుడు 0.5 ఉండేలా చూడాలి. కిట్టులోని ఆర్థోటోలిడిన్ అనే రసాయనం వేశాక పసుపు రంగును పది సెకన్లలో చూసి రాయాలి. ఐదు నిమిషాలాగి చూస్తే మురుగులోని అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగు చూపిస్తుంది, లేని భద్రత ఉన్నట్టు కనబడుతుంది. వీలైతే గులాబీ రంగు చూపే డీపీడీ కిట్లకు మారండి. ఆర్థోటోలిడిన్ రోజూ ముట్టుకునేవాళ్ల ఆరోగ్యానికి మంచిది కాదు.

ఈ కిట్టుకు ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని మన ఊళ్లలో దాదాపు ఎవరూ వాడుకోవడం లేదు. నీళ్లు వదలగానే వీధి మొదటి నుంచి ఇంటింటి కుళాయీ పరీక్షిస్తూ వెళ్లాలి. 0.5, 0.5, 0.4 వస్తూ వస్తూ ఒక ఇంటి దగ్గర ఒక్కసారిగా సున్నా అయిందంటే, ముందు తవ్వి చూడాల్సింది ఆ ఇంటికీ వెనకటి ఇంటికీ మధ్యనే. వీధంతా తవ్వనక్కర్లేదు. బాగు చేసేటప్పుడు కొత్త ముక్కలను బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. ఆ తర్వాత చివరి కుళాయిలో క్లోరిన్ తేలేదాకా నీటిని కాలువలోకి వదిలేయాలి.

బ్లీచింగ్ విషయంలో జరిగే తప్పు చిన్న లెక్కలో ఉంది. లక్ష లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 200 గ్రాముల క్లోరిన్ కావాలి. తాజా పొడిలో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి 600 గ్రాములు సరిపోతుంది. మూతి విప్పిన బస్తా రేకుల షెడ్డులో ఎండకూ చెమ్మకూ పడి ఉంటే బలం పదో వంతుకు దిగుతుంది. అప్పుడు రెండు కిలోలు వేయాలి. సిబ్బంది మాత్రం ఎప్పటిలాగే కొలత డబ్బాతో 600 గ్రాములే వేస్తారు. రిజిస్టరులో లెక్క సరిపోతుంది, నీటిలో సరిపోదు. బస్తాల లెక్కన కాకుండా, పరీక్షించిన బలం లెక్కన కొనమని ఆదేశించండి. నెలకు సరిపడే దానికి మించి నిల్వ పెట్టనివ్వకండి. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించడం కూడా ఆపించాలి. ముందు ముద్దగా కలిపి, బకెట్టులో పలచన చేసి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకు నిండుతున్నప్పుడు పోయాలి. అరగంట గడిచాకే వాల్వు తిప్పాలి. నీరు బురదగా ఉంటే ఆ బురదే క్లోరిన్‌ను తినేస్తుంది, ఎంత పోసినా చివరి వీధికి మిగలదు.

ఇక డబ్బు. కాలువలో మునిగిన ఇంటి కనెక్షన్‌ను పైకి మార్చుకునే ఖర్చు యజమానిదేనంటున్నారు. కూలి పనికి పోయే ఇంటివాళ్లు దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. కానీ ఆ ఒక్క బెజ్జంలోంచి మురుగు వీధంతటికీ పోతుంది. వీధికంతటికీ ముప్పు తెచ్చే పైపును ఒక్క ఇంటి నెత్తిన వేయడం అన్యాయం. ఆ ఖర్చు మున్సిపాలిటీ భరించాలి. తాగునీటి పైపుకూ మురుగు పైపుకూ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలంటారు. మన సందుల్లో కొన్ని 3 మీటర్ల వెడల్పే ఉండవు. అలాంటిచోట నీటి పైపు అడుగు మురుగు పైపు నెత్తికి కనీసం అర మీటరు పైన ఉండాలన్న నియమాన్నయినా కచ్చితంగా పాటించండి. కేంద్ర పట్టణ తాగునీటి పథకం అమృత్ 2.0 కింద కొత్త కుళాయిలు లెక్కకు చూపించే ముందు, వాటిని బిగిస్తున్న పాత పైపు ఎలా ఉందో చూడాలి.

ఒక వీధిలో రెండు రోజుల్లో ముగ్గురికి విరేచనాలు పట్టుకుంటే అది ఆశా కార్యకర్తకు ముందు తెలుస్తుంది. ఆ కబురు ఆరోగ్య శాఖ మెట్లెక్కి మీ శాఖ మెట్లు దిగేసరికి వారం అవుతుంది. ఆమె నేరుగా వార్డు నీటి సిబ్బందికి ఫోన్ చేసే ఏర్పాటు చేయండి. అదే పూట ఆ వీధి కుళాయిలు పరీక్షించాలి. వాల్వు తిప్పే అవుట్‌సోర్సింగ్ కార్మికుడికి ఊళ్లో ప్రతి లీకూ తెలుసు. అతను చెప్పింది రాసుకునే పుస్తకం ఒకటి పెట్టించండి, రాసిన దానికి ఇంజినీరు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో గడువు పెట్టండి.

వీటిలో పైపులు మార్చడానికి సమయం పడుతుందని మాకు తెలుసు. క్లోరోస్కోపు కొనడానికి పట్టదు. ముందుగా ప్రతి వార్డుకూ ఒకటి ఇప్పించండి. చివరి కుళాయి దగ్గర ఆ పూట వచ్చిన అంకెను వార్డు కార్యాలయం గోడ మీద తేదీతో సహా రాయించండి. సున్నా వచ్చినా సున్నా అనే రాయమనండి, రాసిన ఉద్యోగి మీద చర్య ఉండదని ఆ ఉత్తర్వులోనే చెప్పండి.

ఇట్లు,
తాగునీటి సరఫరా పని తెలిసిన కొందరు పౌరులు