పట్టకు చిల్లు లేదు

అనంతపురం,
ఆదివారం పొద్దున

రేయ్ మామా,

బాగుండావా? నువ్వు కారవాన్, అదే లోపలే పండుకునే ఇల్లు లాంటి బండి, కొన్నావని తెలిసినప్పుడే అనుకుంటి, వానలకు ముందర "దీన్ని ఎట్ల పెట్టాల రా" అని నన్నే అడుగుతావని. అడిగింది మంచిదే. చెడగొట్టుకున్నోనికి తెలిసినంత ఎవురికి తెలుస్తాది?

పోయినేడు గండికోట పోయొచ్చినాక బండిని మా కల్లంలో నిలబెట్టి, నీలం టార్పాలిన్ పట్ట కప్పి, మోకులేసి చక్రాలదాకా బిగించి కట్టేస్తి. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగనుకునే సీమ మాది, ఈడ తేమేందిలే అని ధీమా. అక్టోబరు దాటినాక పట్ట లాగితే గుప్పున ముక్కవాసన. పరుపు అడుగున నల్లచుక్కలు. కిటికీ కింద ప్లైవుడ్ మీద బొటనవేలు ఆనిస్తే, ఉగ్గానికి నానేసిన బొరుగుల మాదిరి లోపలికి దిగిపాయ. చూస్తే పట్టకు ఒక్క చిల్లు లేదు మామా!

పగలు ఎండకు పట్ట కింద గాలి కాగి నేలలో చెమ్మ, పరుపుల్లో చెమ్మ పీల్చుకుంటాది. రాత్రి రేకు సల్లబడితే అదంతా బొట్లుబొట్లుగా కారతాది. బయటికి పోను దావ లేదు. తెల్లారితే మళ్లా అదే కథ. అందుకే నాలుగు పక్కలా తెరిచిన రేకుల షెడ్డు దొరికితే దాన్ని మించింది లేదు. లేకుంటే గాలాడే గుడ్డ కవరు. ప్లాస్టిక్ పట్టే గతి అంటే గుంజలు పాతి పందిరి మాదిరి ఎత్తుగా కట్టు, బండికి తగలనీయొద్దు. గాలికాలంలో పట్ట టపటపా కొట్టుకుంటే రంగు కూడా గీసుకుపోతాది.

టాపు మీద అతుకులు ఇంకో తంటా. నీళ్లు దిగకుండా వాటికి పూసే సీలెంటు మన ఎండకు నెర్రెలిస్తాది. ఎండాకాలం అయిపోతానే నిచ్చెనేసుకొని ఎక్కి చూడు. నెర్రెల మీదనే కొత్త సిలికాన్ పూస్తామంటే ఒప్పుకోవద్దు, పాతది గీకి తుడిచి ఆరినాకనే. నాకు ఒకాయన పైపైన పూసిపోయె, రెండు నెల్లకు తోలు మాదిరి ఊడొచ్చె.

చింతచెట్టు కింద పెట్టొద్దు, ఆకు రాలి నీళ్లు పోయే గాడి పూడుతాది. వంక పక్కన అసలే వద్దు. 2021 నవంబరులో చెయ్యేరు నది ఎట్ల పొంగొచ్చిందో నీకు నేను చెప్పాల్నా! చక్రాల కింద బండలు పరుచు, కడపలో వాటికేం కరువు. బండి ముక్కు రవ్వంత ఎత్తుగా ఉంటే టాపు మీద నీళ్లు నిలబడవు. హ్యాండ్ బ్రేక్ వేసి నెలలు వదిలితే పట్టేసుకుంటాది, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టు చాలు. బ్యాటరీ వైరు పీకేయి.

నీళ్ల ట్యాంకు ఖాళీ చేయి, ఫ్రిజ్ తలుపు సందులో గుడ్డ ఇరికించు, పరుపులు ఇంట్లోకి మోసుకో. బీరువాల్లో పెట్టే తేమ పీల్చే డబ్బాలు నేనూ కొంటి, కిటికీ తెరిచి వాటిని పెడితి! ఊళ్లో చెమ్మంతా పాపం అవే తాగాల. తలుపులన్నీ మూస్తేనే వాటికి పని, అది కూడా నిండినప్పుడల్లా పారబోసుకుంటా.

ఆ నీలం పట్ట ఇప్పుడు మా చెనిక్కాయల కుప్ప మీద ఉండాది. మొన్న దాన్ని కిందిదాకా బిగిస్తా ఉంటే అవ్వ కట్టె తీసుకొని వచ్చె: "కాయలు బూజు పట్టిపోతాయి, అడుగున గాలి వదలరా. ఇంత సదివినావు!" పోయినేడు అవ్వ ఆ కల్లంలోనే ఉండె మామా, నేను అడగలేదు, అంతే.

నీ
మామ